ఎమ్మే పుస్తకాలు చదివిన

పాన్‌గల్ దగ్గర మా ఊళ్లో సిస్టర్ల బడి ఉంది. ఐదో తరగతి వరకే. అక్కడ చదివి పైకొచ్చిన వాళ్లందరికీ ఈ ఏడు సన్మానం చేస్తున్నామని హెడ్‌మిస్ట్రెస్ సిస్టర్ ఫోన్ చేసినప్పుడు నేను వనపర్తిలో, నేను పనిచేసే ఎరువుల దుకాణం ముందు బస్తాలు దింపిస్తున్నాను. పత్రికలకు నేను రాసే ఉత్తరాలు అచ్చవడం చూసి ఎవరో నా నంబరు ఇచ్చారట.

"మీరు ఎంతవరకు చదివారు?" అని అడిగింది. ఆవిడది కేరళ. తెలుగును పుస్తకంలో ఉన్నట్టే మాట్లాడుతుంది.

ఐదు అని చెప్పాలి. ఐదు కాగానే మా వాళ్లు మేస్త్రీ వెంట పుణె వైపు కాలువ పనులకు పోయారు, నన్నూ తీసుకుపోయారు. తిరిగొచ్చాక బడి ముఖం చూడలేదు. కానీ వనపర్తి లైబ్రరీలో కిటికీ పక్క బల్ల మీద పదిహేనేళ్లుగా చదువుతున్నాను. ఒకసారి ఎవరో తెలుగు పీజీ విద్యార్థి మరిచిపోయిన సిలబస్ కాగితం దొరికితే, అందులో ఉన్న పుస్తకాలు ఒక్కొక్కటే తీసి, నిఘంటువు పక్కన పెట్టుకుని, రెండేళ్లలో పూర్తి చేశాను. పద్యం ఇస్తే గణాలు విడదీయగలను. ఐదు అంటే ఇదంతా ఎక్కడికి పోతుంది?

"తెలుగు ఎమ్మే పుస్తకాలన్నీ చదివిన సిస్టర్" అన్నాను.

"ఎమ్మే తెలుగు చదివారా! చాలా సంతోషం. మన బడి నుంచి ఎమ్మే తెలుగు మీరొక్కరే."

"ఆ, చదివిన" అన్నాను.

మన భాషలో పుస్తకం తిరగేసినా చదవడమే, పట్టా తెచ్చుకున్నా చదవడమే. సిస్టర్‌కు ఆ తేడా తట్టలేదు. నాకు తెలుసు. తెలిసే ఆ మాట వెనక దాక్కున్నాను.

ఆదివారం చర్చిలో పూజ అయ్యాక బడి ఆవరణలో సభ. గేటుకు ఫ్లెక్సీ కట్టారు. హైదరాబాద్ దవాఖానలో పనిచేసే నర్సు, ఒక కానిస్టేబులు, ఒక టీచరు, వాళ్ల మధ్యన నేను. నా ఫొటో కింద 'ఎం.ఏ., తెలుగు' అని ఎర్ర అక్షరాలు. సభలోనే నిజం చెప్పేద్దామని, దాన్నొక చమత్కారంలా మలిచి కాగితం మీద రాసుకుని పోయాను. కానీ ఫాదర్ మైకులో "కూలికి పోయిన బిడ్డ ఎమ్మే దాకా వచ్చాడు" అనగానే ముందు వరసలో కూర్చున్న మా ఊరి ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. ఒకామె కొంగుతో కళ్లు తుడుచుకుంది. నేను శాలువా కప్పించుకున్నాను. కాగితం జేబులోంచి తీయకుండానే పుస్తకాల గొప్పతనం గురించి మాట్లాడి దిగాను.

భోజనాల దగ్గర నాతో ఐదు చదివిన ఆమె వడ్డిస్తోంది. వరుసకు నన్ను బావ అంటుంది. ఊళ్లో అంగన్‌వాడీ ఆయా.

"బావా, ఒక్క మాట" అంటూ అన్నం గిన్నె పట్టుకుని నా ఎదురుగా నిలబడింది. "మనిద్దరం ఒక్క లారీలనే పోతిమి గదా పనికి. నువ్వు పది ఎప్పుడు రాసినవ్?"

"పది... రాయలే."

"రాయకుంటనే ఎమ్మేనా? గట్ల గూడ ఉంటదా? అంగన్‌వాడీ టీచర్ పోస్టుకు పది కావాలంటుండ్రు నన్ను. నీ లెక్క నేను గూడ సీదా ఎమ్మేనే కడుత."

పక్కన పప్పు వడ్డించే పెద్దామె నవ్వింది. "నువ్వు ఎమ్మే చేసి పిల్లలకు గుడ్లు ఉడకబెడతవానే?"

"ఉడకబెడ్త. ఎమ్మే గుడ్లు తింటవా నువ్వు?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. "ఓపెన్ యూనివర్సిటీల ఉంటది, కనుక్కొని చెప్త" అన్నాను. సిస్టర్‌తో అన్న మాటకైనా రెండర్థాలున్నాయి. ఈ మాట మాత్రం ఎటు తిప్పినా అబద్ధమే.

ఆమె నేను చెప్పే దాకా ఆగలేదు. ఆ వారంలోనే సెలవు పెట్టి, ఆధార్ కార్డు, ఐదో తరగతి టీసీ ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని వనపర్తి లైబ్రరీకి వచ్చింది. మధ్యాహ్నం దుకాణం మూసే వేళకు నేను అక్కడే ఉంటానని ఊళ్లో ఎవరో చెప్పారట. నేను కిటికీ పక్కన ఉన్నాను. నన్ను చూసి తలూపి, నేరుగా లైబ్రేరియన్ దగ్గరికి పోయింది.

"సార్, మా బావ గట్టిన పరీక్ష నాకు గూడ కట్టియ్యండ్రి. పది లేకుంట ఎమ్మే."

లైబ్రేరియన్ ఆమె చూపు వెంట వెతికి, నన్ను చూశాడు. చదువుకునే పిల్లలు కూడా తలెత్తారు. వాళ్లకు పద్యాలు విడమరిచి చెప్పేది నేనే. నన్ను సార్ అంటారు. నేను లేచి ఆమెను మెట్ల మీదికి తీసుకొచ్చాను.

"నేను ఎమ్మే చేయలే. పుస్తకాలే చదివిన. పరీక్షేం రాయలే" అన్నాను.

ఆమెకు మొదట అర్థం కాలేదు. "మరి ఫ్లెక్సీ?"

"సిస్టర్ గట్ల అనుకున్నది. నేను కాదనలే."

ఆమె కవరును రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. "నేను ఊరంత చెప్పుకున్న బావా. సూపర్‌వైజర్ మేడంకు గూడ చెప్పిన, పది అడగకుండ్రి, నేను ఎమ్మే కడుతున్న అని. ఇగ నన్నేమంటరు? నీకేంది, శాలువా కప్పించుకొని వస్తివి."

నేను ఆమె చేతిలోని కవరు వైపే చూశాను.

"సిస్టర్‌కు చెప్పు. ఇప్పుడే. నా ముందట" అంది.

ఫోన్ చేశాను. సిస్టర్ అంతా విని, "మీరు చదివాను అన్నారు కదా" అంది మెల్లగా.

"పుస్తకాలు చదివిన సిస్టర్."

"అయితే అదే రాయించేవాళ్లం. అది తక్కువ అని మీకు ఎవరు చెప్పారు?"

ఎవరూ చెప్పలేదు. చెప్పుకున్నది నేనే. ఫ్లెక్సీ తీయిస్తానని సిస్టర్ ఫోన్ పెట్టేసింది. కోప్పడి ఉంటే కొంత తేలికయ్యేది.

"పది గట్టేది ఏడనో గదైనా నిజం చెప్పు మరి" అంది ఆయా.

ఓపెన్ పదికి ఫారాలు ఇచ్చే హైస్కూలు రెండు వీధుల అవతలే. ఇద్దరం నడుచుకుంటూ పోయాం. కౌంటర్‌లో క్లర్కు ఒక ఫారం తీసి ఇస్తుంటే ఆమె "రెండియ్యండ్రి" అంది. అతను నన్ను చూసి, "ఈ సార్‌కెందుకమ్మా?" అన్నాడు. సాయంత్రాలు లైబ్రరీకి పేపర్ చదవడానికి వచ్చే మనిషి. నా ఉత్తరం ఎప్పుడు అచ్చయినా ముందుగా చెప్పేది అతనే.

"ఆయనకే" అంది ఆమె.

బల్ల దగ్గర పక్కపక్కన కూర్చున్నాం. 'చివరగా చదివిన తరగతి' అన్న గడి వచ్చింది. ఆమె పెద్ద అక్షరాలతో ఐదు అని రాసి, బడి పేరు రాసి, కాగితాన్ని బల్ల మీద అట్లాగే పరిచి ఉంచింది. నేనూ ఐదు అని రాశాను. క్లర్కు కళ్లు మావైపే ఉన్నాయి. కుడిచేత్తో పేరు రాస్తున్నట్టు నటిస్తూ, ఎడమ అరచేతిని ఆ గడి మీద పెట్టి ఉంచాను.

ఆమె చూసింది. తన ఫారం తీసుకుని ముందు ఆమే లేచింది.