రెండు మోటార్ల పడవ, ఒక నేతముడి

మా తమ్ముడి పడవకు రెండు మోటార్లు. పెద్దది వెనక నడిమధ్యలో ఉంటుంది. దాని పక్కనే, ఆవు పక్కన దూడ నిలబడినట్టు, ఇంకొకటి చిన్నది. మొదటిసారి చూసినప్పుడు నాకు నవ్వొచ్చింది.

"రెండెందుకురా? ఒకటి అలిగితే ఇంగొకటి లాగేదానికా?" అని అడిగాను.

"అదీ ఉందిలేక్కా. అసలు సంగతి అది గాదు. పెద్దదానికి నిదానంగా నడిసేది తెలీదు. ఎంత తగ్గించినా ఉరుకుతాది. గాలం ఎనకాల ఈడ్సుకుంటా పోయేటప్పుడు ఉరికితే సేప నమ్మదు. ఈ సిన్నది సూడు, పెండ్లికూతుర్ని పీటల మీదికి తీసకపోయినట్ల తీసకపోతాది."

వాడు చాలా ఏండ్లు ఆదోని నుంచి పత్తి లారీ తోలాడు. సముద్రం వైపు బేళ్లు దింపడానికి పోయినప్పుడల్లా అక్కడి పడవలను చూస్తూ నిలబడిపోయేవాడట. తర్వాత లారీ మానేసి, గోనెగండ్ల దగ్గర ప్రాజెక్టు నీళ్లలో చేపలు పట్టేవాళ్లతో కలిశాడు. చిన్న మోటారు కొత్తది కాదు. సముద్రం ఒడ్డున ఎవరో వాడి పడేసినదాన్ని ఒక స్నేహితుడు తన లారీలో, పత్తి దింపిన ఖాళీ గోనెసంచుల్లో చుట్టి తెచ్చిచ్చాడు. దాని సందుల్లో ఇరుక్కున్న దూదిపీచు ఎన్నాళ్లు తుడిచినా పోలేదు.

నేను ఆ పడవ ఎక్కింది చేపల కోసం కాదు, మా ఆయన కోసం.

మాది ఎమ్మిగనూరులో మగ్గం ఇల్లు. మా ఆయన బుద్ధెరిగినప్పటి నుంచి మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్న మనిషి. మోకాళ్లు అరిగిపోయాయి, ఇక గుంటలోకి దిగొద్దని డాక్టరు చెప్పాక మగ్గం ఆగింది. మగ్గం ఆగితే ఆగింది, మనిషి కూడా ఆగిపోయాడు. పొద్దున గడప దగ్గర కూర్చుంటే ఎండ వచ్చి ఆయన మీదుగా దాటి పోయేదే కానీ ఆయన కదిలేవాడు కాదు. పెడితే తినేవాడు. పిలిస్తే ఊ అనేవాడు. చేతులు రెండూ ఒడిలో, ఎవరో దాచిపెట్టమని ఇచ్చి మరిచిపోయిన వస్తువుల్లా పడి ఉండేవి. ఇట్లే కూర్చుని కూర్చుని ఒకరోజు ఊ అనడం కూడా మానేస్తాడేమోనని నా భయం. దేవుడిని ఒకటే అడిగేదాన్ని. మోకాళ్లు నీకే వదిలేస్తాను స్వామీ, ఆ చేతులను లేపు.

ఒకరోజు తమ్ముడు వచ్చి, "బావా, రేపు నా పడవకు రా" అన్నాడు.

ఈయన చూపు గడప మీంచి లేవలేదు.

"నిన్నేమన్నా ఈదమంటాండానా? ఈడ గడప మీద కూసునేది ఆడ పలక మీద కూసో. గడప యాడికీ పోదు, పడవ పోతాది. అంతే తేడా."

"మునిగితే?" అన్నాడు మా ఆయన.

ఆ ఒక్క మాట ఆయన నోట్లోంచి రావడమే నాకు పండగ.

"మునిగితే మా అక్క ఉంది గదా. తిట్టి పైకి లేపుతాది."

మరునాడు తెల్లవారుతుండగానే బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేసి డబ్బాలో పెట్టుకుని, ఆటో మాట్లాడుకుని పోయాము. తమ్ముడు మా ఆయన భుజం పట్టుకుని మెల్లగా పడవ ఎక్కించాడు. పెద్ద మోటారు వేయగానే పడవ ముక్కు పైకి లేచి, నీళ్లు రెండు పక్కలా పగిలిపోయాయి. మా ఆయన కండ్లు గట్టిగా మూసుకున్నాడు. నీళ్ల నడుమకు పోయాక తమ్ముడు దాన్ని ఆపేశాడు. ఆపి పైకి ఎత్తలేదు, దాని కాలు నీళ్లలోనే ఉంచి, చిన్నదాని తాడు లాగాడు.

చిన్నది ఒక పక్కన ఉంటుంది కదా, అది తోస్తుంటే పడవ వంకరగా తిరగాలని చూస్తుంది. ఆగిపోయిన పెద్ద మోటారే నీళ్లలో నిలబడి, పడవను తిన్నగా పట్టుకుంటుంది. రెండింటినీ ఒక ఇనుప కడ్డీతో కలిపాడు వాడు. ఒకదాన్ని ఏ పక్కకు తిప్పితే రెండోదీ ఆ పక్కకే తిరుగుతుంది.

"పెద్దాయన పని సెయ్యకపోయినా ఊరికే ఉంటే సాలు, సంసారం వంకర పోదు" అన్నాడు తమ్ముడు, ఎటో చూస్తూ.

"నన్నే అంటాండావులే."

"మోటారును అంటాండా బావా. నీకెందుకు కోపం?"

చిన్న మోటారు చప్పుడు ఎట్లా ఉండిందంటే, చిన్నప్పుడు నేను నిద్రపోతుంటే పక్క గదిలో మా అమ్మ రాట్నం తిప్పుతున్నట్టు ఉండింది. నీళ్లు కదులుతున్నాయో, మేము కదులుతున్నామో తెలియలేదు. గట్టు మీద గొర్రెల మంద పొగలాగా సాగిపోతోంది. ఆకాశం నీళ్లలోకి దిగి, మా పడవ కింద మెత్తగా పరుచుకుంది. ఈ నీళ్ల అడుగున ఒకప్పుడు ఎవరి చేలు ఉండేవో, ఎవరు జొన్న కోసుకున్నారో, ఆ గట్లన్నీ దాటుకుంటూ మేము పైపైన పోతున్నామనిపించింది. ఉగ్గాని డబ్బా ఒడిలో వెచ్చగా ఉంది. కండ్లు తెరిచే ఉన్నా, నిద్రలో ఉన్నట్టే ఉన్నాను.

తమ్ముడు ఒక కొయ్యకు చుట్టిన నైలాన్ దారం తీశాడు. కొసన చేపపిల్ల లాంటి బొమ్మ, దాని కడుపు కింద గాలాలు. బొమ్మను నీళ్లలోకి వదిలి, దారాన్ని వాళ్ల బావ చేతికిచ్చాడు. "ఊరికే పట్టుకో. అది ఈదేది నీ వేలికి తెలుస్తాది."

మా ఆయన పట్టుకున్నాడు. కొంచెంసేపటికి తల ఒక పక్కకు వంచాడు. మగ్గం మీద దారం వదులైందా, బిగిసిందా అని చూసుకునేటప్పుడు అట్లే వంచేవాడు. నేను ఊపిరి కూడా గట్టిగా తీయలేదు.

అంతలో బొమ్మ నీళ్ల అడుగున ఏదో మొద్దుకు తగులుకుంది. దారం టప్పున తెగింది. తమ్ముడు ఇంకొక బొమ్మను, దానికి కట్టిన కొత్త దారం ముక్కను తీసి అతకబోయాడు.

"ఇటియ్యి" అన్నాడు మా ఆయన.

"నేనేస్తాలే బావా, అది నైలాను..."

"తెగిన దారం అతికేది నాకు సెప్తావేంరా నువ్వు?"

తమ్ముడు దారం ఆయన చేతికిచ్చాడు. ఆ చేతులు లేచాయి. రెండు కొసలు బొటనవేలి కింద అడ్డంగా పెట్టాడు, ఒక మెలిక తిప్పాడు, లాగాడు. రెప్ప వేసి తీసేలోపు నేతముడి పడిపోయింది. ఆ వేళ్లు అంత చురుగ్గా కదలగా చూసి ఎన్నాళ్లయిందో! నాకు కండ్లల్లో నీళ్లు తిరిగితే, ఎండ పడుతోందని కొంగు అడ్డం పెట్టుకున్నాను.

మళ్లీ ఆ రాట్నం చప్పుడు. మళ్లీ ఆ నిదానం. అప్పుడు పట్టింది చేప. దారం ఆయన చేతిని నీళ్లవైపు లాగింది. దూరంగా ఒక వాలుగ పక్కకు తిరిగి మెరిసింది, పొడుగ్గా, తెల్లగా, ఉతికి ఆరేసిన పంచెలాగా.

"లాగు బావా! వదలొద్దు!"

"లాగుతాండాలేరా! అరవొద్దు!"

ఆయన ముఖం అంత వెలిగిపోవడం చూసి నేను చేపను చూడడమే మరిచిపోయాను. ఇంతలో చేయి ఖాళీగా వెనక్కి వచ్చింది. దారం తేలిగ్గా నీళ్ల మీద పడింది. లాగి చూస్తే కొస తెగలేదు. పందిపిల్ల తోకలాగా సుడి తిరిగి ఉంది. ముడి జారిపోయింది.

"నూలు ముడి బావా అది" అన్నాడు తమ్ముడు మెల్లగా. "నూలైతే ఒకదాన్నొకటి కరుసుకుంటాది. ఇది సబ్బు పూసినట్ల జారుతాది."

మా ఆయన ఉగ్గాని పెట్టినా ముట్టలేదు. ఆటోలో తిరిగి వచ్చేటప్పుడు చేతులు మళ్లీ ఒడిలో ఉన్నాయి. అయిపోయింది, లేచిన చేతులను ఆ చేప మళ్లీ పడుకోబెట్టింది అనుకున్నాను. ఆయన జీవితమంతా నమ్ముకున్న ముడి అది. ఇంటికి వచ్చి గడప దగ్గర కూర్చుంటే నాకు ఆ గడపనే పగలగొట్టాలనిపించింది.

పొద్దు వాలేటప్పుడు వంటింట్లో ఉన్నాను. మగ్గం దగ్గర ఏదో చప్పుడు. పోయి చూస్తే మా ఆయన స్టూలు వేసుకుని కూర్చుని, మగ్గం గుంజకు నైలాన్ దారం కట్టి లాగుతున్నాడు. జేబులో పెట్టుకుని తెచ్చాడన్నమాట! లాగితే ముడి జారుతోంది. మళ్లీ కడుతున్నాడు. నన్ను చూసి, "మే, మీ తమ్మునికి ఫోన్ సెయ్" అన్నాడు.

"ఎందుకు?"

"వాడు ముడి ఎట్లేస్తాడో అడుగు."

"నువ్వే అడుగు" అని ఫోన్ కలిపి చేతిలో పెట్టాను.

అవతల తమ్ముడి గొంతు నాకూ వినపడుతోంది. "కొసను దారానికే అయిదారు సుట్లు సుట్టి, ఆ సందులోకి దూర్సి, నోట్లో పెట్టి తడిపి, నిదానంగా లాగల్ల బావా. పొడిగా లాగితే రాపిడికి కాలిపోతాది."

"తడపల్లనా? పొద్దున సెప్పేకి నీకేం రోగం? తడి దారం సంగతి నాకు తెలీదా?"

"నువ్వు సెప్పనిస్తే గదా! ఆ వాలుగ ఈపాటికి నీ ముడి గురించి నీళ్లల్లో అందరికీ సెప్పింటాది."

"సెప్పుకోనీలే" అన్నాడు మా ఆయన. ఫోన్‌ను చెవికీ భుజానికీ నడుమ ఇరికించుకుని, దారం కొసను నోట్లో తడుపుకుంటూ చుట్టాడు. మెల్లగా లాగాడు. తర్వాత గట్టిగా లాగాడు. గుంజ కిర్రుమంది కానీ ముడి కదలలేదు. "రేయ్, రేపు సిన్నదాంట్లో పెట్రోలు పోసి పెట్టు. వస్తాండా."

నేను రేపటి ఉగ్గానికి బొరుగులు ఉన్నాయో లేవో చూడడానికి లోపలికి పోయాను.