డండాక్ చేరని చేప

ఆ రోజుల్లో కొత్తగా డబ్లిన్‌లో దిగిన తెలుగువాడిని మేం ముందు అడిగే ప్రశ్న "మీది ఏ జిల్లా?" అని. కంపెనీ పేరు ఆ తర్వాత. జవాబును బట్టి మనిషికి కొన్ని విద్యలు ఊరికే అంటగట్టేసేవాళ్లం. గుంటూరువాడైతే మిరపకాయలు నమిలేస్తాడని, గోదావరివాడైతే చేపల గురించి సర్వం తెలిసినవాడని. మాది అమలాపురం దగ్గర కావడంతో నాకు రెండో కిరీటం పెట్టారు. నిజానికి చేప గురించి నాకు తెలిసిందల్లా అది కంచంలోకి వచ్చాక జరిగే సంగతులే. అయినా ఎదుటివాళ్లు కిరీటం పెడుతుంటే తల పక్కకు తిప్పుకునేంత వైరాగ్యం ఆ వయసులో ఎవరికుంటుంది? డబ్లిన్ శివారు చెర్రీవుడ్‌లో కొత్త అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి, ఆఫీసులు వారం వారం కొత్త మొహాల్ని చేర్చుకుంటున్నాయి, ఆ కొత్త మొహాలన్నిటికీ నేను చేపల మీద ఉపన్యాసాలు ఇస్తున్నాను.

అలాంటి ఒక ఉపన్యాసమే నా కొంప ముంచింది (లేదా నిలబెట్టింది, చూసే దాన్ని బట్టి). మా వరంగల్ రూమ్మేట్ పుట్టినరోజుకి వాడి చిన్నాన్న కూతురు ఉత్తరాన రైల్లో గంట దూరంలోని డండాక్ నుంచి వచ్చింది. అక్కడ ఆసుపత్రిలో డాక్టరు. అక్కాబావలతో కలిసి ఉంటోంది. రూమ్మేట్ పాపం సూపర్‌మార్కెట్లో గడ్డకట్టిన చేపముక్కలు తెచ్చి పులుసు పెట్టాడు. నేను ఒక ముద్ద తిని, కంచం కాస్త ముందుకు నెట్టి, పుస్తెలమ్మైనా పులస తినాలని మావాళ్లు ఎందుకన్నారో వివరించి, చివరగా "ఫ్రిజ్‌లో పెట్టింది చేప కాదండీ, శవం" అన్నాను. అందరూ నవ్వారు. డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. ఇంకో ముక్క వేసుకుంటూ అంది: "మీ గోదావరోళ్లు చేపల గురించి చెప్పుడే గని, పట్టంగ నేనైతే సూడలే. మీ చేతులతోని పట్టి తీస్కరాండ్రి, నేనే వండిపెడ్త. అప్పటిదాంక ఈ శవమే తినుండ్రి." నేను ఆ శవాన్నే తిన్నాను. తింటూనే ఆ అమ్మాయిని పెళ్లి చేసుకోవాలని నిశ్చయించుకున్నాను.

అడగడం ఎలా? ఆమెతో మళ్లీ మాట్లాడటానికి నా దగ్గరున్న ఒకే ఒక్క వంక ఆ చేప. అదీ లేకుండా డండాక్ వెళ్లి తలుపు కొడితే ఏమని చెప్పను? అందుకని మా ఆఫీసులో టెస్టింగ్ చేసే ఐరిష్ పెద్దాయన్ని పట్టుకున్నాను. ఆయనకి మేం పెట్టుకున్న పేరు గ్రాండ్ మామ. సర్వర్ పడిపోయినా, వాన కురిసినా, టీలో పాలు విరిగినా ఆయన నోట వచ్చేది "గ్రాండ్" అనే ఒక్క మాట, అంటే అంతా బాగానే ఉందని. శనాదివారాల్లో కయాక్ అనే సన్నటి ప్లాస్టిక్ పడవ వేసుకుని కిల్లినీ వైపు సముద్రంలో సీబాస్ పట్టడం ఆయన వ్యసనం. సీబాస్ అంటే మన పండుగప్పకు దగ్గర చుట్టంలా ఉంటుంది. వెండిరంగు ఒళ్లు, వీపు మీద ముళ్లు, మనిషంటే లెక్కలేనితనం. "నీకు అలవాటేగా?" అన్నాడు ఆయన. గోదావరి ఒడ్డున పుట్టానని చెప్పాను. గ్రాండ్ అన్నాడు.

వసంతమంతా ఆయన రెండో కయాక్‌లో తెడ్డు వెయ్యడం నేర్చుకోవడంతోనే సరిపోయింది. నేను తెడ్డు ఎటు వేస్తే కయాక్ దానికి వ్యతిరేకంగా వెళ్లేది. కాస్త దారికొచ్చిందనుకునేసరికి సీబాస్ గుడ్లు పెట్టే కాలమని, పట్టకూడదని చెప్పాడు గ్రాండ్ మామ. ఆ దేశంలో చేపకి కూడా పురిటి సెలవు ఉంటుందని అప్పుడే తెలిసింది. వేసవిలో సెలవు ముగిసింది గానీ, నేను గాలానికి ఏదో తగిలిందన్న సంబరంలో లేచి నిలబడ్డాను. కయాక్‌లో లేచి నిలబడినవాడి గతి ఏమిటో రాయక్కర్లేదు. ఒడ్డున కుక్కని తిప్పుతున్న ఒకావిడ గార్డుల్ని, అంటే అక్కడి పోలీసుల్ని, పిలవనా అని అరిచింది. నా బదులు గ్రాండ్ మామే జవాబిచ్చాడు, నేను గ్రాండ్‌గా ఉన్నానని. నేను ఆ సమయంలో సముద్రం తాగుతున్నాను.

ఆగస్టులో మాకెరెల్ అనే చిన్న చేప ఒకటి దొరికింది. సంబరంగా ఆమెకి మెసేజ్ పెట్టాను. "శ్రావణం నడుస్తుంది. అక్క ఇంట్ల నీసు బంద్. ఇంకో ముచ్చట, మాకెరెల్ ఐతే మా వార్డుల పేషెంట్లు కూడ పడ్తరు" అని జవాబొచ్చింది. అంటే సీబాస్‌కి తక్కువైతే లెక్కలోకి రాదన్నమాట. ఆ తర్వాత రూమ్మేట్ నోటి నుంచి అసలు పిడుగు పడింది. జనవరి నుంచి ఆమెకి లిమరిక్ ఆసుపత్రిలో పోస్టింగ్. డండాక్ అంటే రైలెక్కితే వెళ్లగలను. లిమరిక్ అయితే దేశానికి అటు చివర, అక్కడ ఊరు దాటితే కారు లేనిదే పని జరగదు, నాకు కారు లేదు, లైసెన్సు లేదు, చేప కూడా లేదు. ఏం చేసినా ఆ సంవత్సరం తిరిగేలోపలే చెయ్యాలి.

శరత్కాలంలో సముద్రం మీద గాలులు మొదలయ్యాక సీబాస్ ఒడ్డుకు దగ్గరగా మేతకొస్తుందని గ్రాండ్ మామ అన్నాడు. వారాంతం వస్తే చాలు, ఆయన ఇచ్చిన పాత జాకెట్ తొడుక్కుని (అందులో నాలాంటివాళ్లు ఇద్దరు పడతారు) చలికి పళ్లు టకటకలాడుతుంటే కూర్చునేవాణ్ని. నవంబర్లో ఒక శుక్రవారం రూమ్మేట్ చెప్పాడు, ఆదివారం మమ్మల్ని డాక్టరమ్మ అక్క డండాక్‌కి భోజనానికి రమ్మందని. ఆదివారం పొద్దున్నే పట్టిన చేప మధ్యాహ్నానికి పులుసులో ఉంటుంది! ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, నేను ఆ రాత్రే పెళ్లికి ఎవర్ని పిలవాలో ఆలోచించాను.

ఆ ఆదివారం పొద్దున, ఎన్నడూ లేనిది, గాలం కర్ర విల్లులా వంగింది. ఈసారి లేవలేదు. గ్రాండ్ మామ "ఈజీ, ఈజీ" అంటూ పక్కకొచ్చాడు. నా జీవితంలో అంత భయంగా ఏ తాడూ లాగలేదు. చివరికి చేప పైకొచ్చింది. ఒళ్లో పెట్టుకుని గుండెకి హత్తుకున్నాను, వీపు ముళ్లు అరచేతిలో దిగాయి, ఆ నొప్పి కూడా బాగుంది. గ్రాండ్ మామ కొలిచి, ఉంచుకోవచ్చు, సైజుంది అన్నాడు. సరిగ్గా అప్పుడే మెడలో వేలాడుతున్న ప్లాస్టిక్ సంచిలో ఫోన్ మోగింది. రూమ్మేట్. ముందు రైలుకే డండాక్ వెళ్లిపోయాడు.

"అరేయ్, చెప్పుడు మర్శిన. ఇయి కార్తీకం వనభోజనాలట. అక్క నెలంతా నిష్ఠల ఉంటది, కోడిగుడ్డు కూడ ఇంట్లకు రానియ్యది. నువ్వు తలకు స్నానం జేసి రా."

ఆఫీసు క్యాలెండర్ తప్ప ఇంకో క్యాలెండర్ చూడని బ్రహ్మచారికి కార్తీకం వచ్చిందని ఎవరు చెబుతారు? ఒళ్లో చేప కొట్టుకుంటోంది. నెల పోయేదాకా ఫ్రీజర్‌లో పెట్టవచ్చు. కానీ ఫ్రిజ్‌లో పెట్టింది శవమని ఆమె ముందే అన్నాను. పోనీ మీరు తీసుకెళ్లండి అన్నాను గ్రాండ్ మామతో. ఆయన మొహం అదోలా పెట్టి, చేపల్ని నోట పెట్టనన్నాడు. ముప్పై ఏళ్లుగా పడుతున్న మనిషి! పట్టడం వరకేనట, తినడానికి సాసేజ్‌లు ఉన్నాయిగా అన్నాడు. కనీసం ఫోటో అయినా తీద్దామంటే, రూమ్మేట్ పెట్టేసిన మరుక్షణమే చలికి నా ఫోన్ చచ్చిపోయింది, గ్రాండ్ మామ నీళ్లలోకి ఫోనే తేడు. ఊరికే చంపడానికి మనసొప్పలేదు. నీళ్లలోకి వంచి వదిలేశాను. అది వెనక్కి కూడా చూడలేదు. నాకు నిజంగానే ఏడుపొచ్చింది. గ్రాండ్ మామ మొదటిసారి గ్రాండ్ అనకుండా, తన ఫ్లాస్క్‌లోంచి టీ పోసి ఇచ్చాడు.

స్నానానికి ఇంటికెళ్తే రైలు పోతుంది. ఆయనే కార్లో స్టేషన్ దగ్గర దింపాడు. రైల్లో నా జాకెట్ నీసు వాసనకి చుట్టుపక్కల కూర్చున్నవాళ్లు ఒక్కొక్కరే మర్యాదగా లేచి వేరే పెట్టెలోకి వెళ్లారు. ఒక ముసలాయన మాత్రం ఏం పట్టావు అని అడిగాడు. చెబితే తల ఊపి, చేతిలో చేప లేకపోవడం చూసి, జాలిగా నవ్వాడు. ఆ నవ్వుతో నాకు అర్థమైంది, డండాక్‌లో కూడా ఇదే నవ్వు ఎదురవుతుందని.

తలుపు తీసింది అక్క. నేను నమస్కారం పెట్టేలోపే రెండడుగులు వెనక్కి వేసి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. "ఆడ్నే ఆగుండ్రి! గడప దాటకుండ్రి! కార్తీకంల గీ నీసు వాసనేందమ్మా!" ఆ కేకకి బావ, రూమ్మేట్, వెనకాలే డాక్టరమ్మ వచ్చారు. వానలో గడప అవతల నిలబడి నేను జరిగింది చెప్పాను. పట్టిన సంగతి, ఫోన్ సంగతి, వదిలేసిన సంగతి. చెబుతుంటే నాకే అబద్ధంలా వినిపించింది. రూమ్మేట్ పగలబడి నవ్వాడు. "మంచిగ అల్లినవ్ పో."

డాక్టరమ్మ నవ్వలేదు. గడప దగ్గరకొచ్చి, వంగి, నా జాకెట్ వాసన చూసింది. తర్వాత అరచెయ్యి తిప్పి ముళ్ల గాట్లు చూసింది. "మాకెరెల్‌కు గిట్ల ముండ్లుండయి" అని రూమ్మేట్‌కి చెప్పి, నాకేసి తిరిగి, "ఎందుకు ఇడ్శిపెట్టిండ్రు? ఫ్రీజర్‌ల పెట్టకపోయిండ్రా?" అంది.

"మీకు శవం తెచ్చిపెట్టడం ఇష్టంలేకండి" అన్నాను.

అప్పుడు నవ్వింది. అక్క పట్టువిడవకుండా నన్ను వెనక తలుపు నుంచి నేరుగా బాత్రూంలోకి పంపింది. బావ లుంగీ, బావ స్వెటర్ వేసుకుని పెరట్లోకొచ్చాను. ఉసిరిచెట్టు కింద తినాలన్న నియమం కోసం, ఆకు రాలిన ఆపిల్ చెట్టు మొదట్లో ఉసిరికాయ పచ్చడి సీసా పెట్టి, పసుపూ కుంకుమా అద్దారు. గొడుగుల కింద పులిహోర తిన్నాం. లుంగీలోంచి గాలి కొడుతుంటే, ఆమె పక్కన కూర్చుని, లిమరిక్ వెళ్లేలోపు ఒక మాట అడగాలని చెప్పాను. "ముందు పులిహోర తినుండ్రి, చల్లగైతది" అంది. అయినా అడిగాను.

ఇప్పుడు మేం లిమరిక్ దగ్గరే ఉంటున్నాం. కారుంది, లైసెన్సుంది, గ్యారేజీలో నాదంటూ ఒక కయాక్ ఉంది. సీబాస్ ఎప్పుడో గానీ దొరకదు. నేను రాగానే మా అమ్మాయి "డాడ్, యూ స్టింక్" అని పైకి పారిపోతుంది. వాళ్లమ్మ మాత్రం గుమ్మంలోనే ఆపి, జాకెట్ వాసన చూసి, "ఇయ్యాల ఉత్త చేతులే" అనో, "వావ్, పట్టినవ్" అనో చెబుతుంది. ఒక్కసారి కూడా తప్పలేదు. ఆ వాసన చూస్తున్నప్పుడల్లా అప్పట్లో డండాక్ రైల్లో కూర్చున్న నేననే కుర్రాడు గుర్తొస్తాడు. జనం లేచిపోతుంటే సిగ్గుపడి, ఆ జాకెట్ విప్పి కిటికీలోంచి పారేద్దామని గుండీలు కూడా తీశాడు. చలి మరీ ఎక్కువగా ఉండటంతో మళ్లీ పెట్టుకున్నాడు. ఐర్లండ్ చలిని అందరూ తిట్టుకుంటారు. నేను మాత్రం తిట్టను.