చిక్కుపడని జుట్టు

మా కామాక్షి వదిన పలాసలో జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్తుంది. పిక్కల పెంకులోంచి కారే జీడి నూనెకు వేళ్లు కాలి బీటలు వారాయి. వాటిలో వెంట్రుకలు చిక్కుకుని నొప్పెడుతోందని కూతురు భవ్య ఇప్పుడు తల ముట్టనివ్వడం లేదు. పిల్ల దగ్గరికే రావడం మానేసింది. ఒక బొమ్మ కొని, దానికి జడలేస్తూనైనా పిల్లను పక్కన కూర్చోబెట్టుకోవాలని వదిన ఆరాటం.

డిగ్రీ మానేసి ఖాళీగా ఉన్నానని కాశీబుగ్గలో బొమ్మల కొట్టుకు నన్ను తోడు తీసుకెళ్లింది. వదిన వేళ్లతో ఏ బొమ్మ జుట్టు దువ్వినా పగుళ్లకు పట్టేసి ఊడొస్తోంది.

"ఏటమ్మా, బొమ్మలన్నిటికీ గుండు సేసీసి పోతావేటి?" అన్నాడు కొట్టాయన.

జుట్టు లేని బొమ్మ చూపించాను.

"దీనికి జడేటేత్తాన్రా శరతూ?" అంది వదిన.

చివరికి ఊలు జుట్టు బొమ్మ తీసింది. ఆ పోగూ పగుళ్లలో ఇరుక్కుంది. మెల్లగా విడదీసుకుంది.

"ఇదే కట్టు బాబూ. జడ పిల్లే ఏసుకుంటాది. నన్ను పక్కన కూకోనిత్తే సాలు."