బరకానికి రెండో కొస

నిన్న గుంటూరులో మా అపార్టుమెంటు మేడ మీద పచ్చడికని ఆరబోసిన మిరపకాయలు, నేను పరుగెత్తేలోపే అకాల వానకు సగం తడిసిపోయాయి. ఆ తడి ఘాటు ముక్కుకి తగలగానే తుమ్ముకంటే ముందు ఏడుపొచ్చింది, మా బాబాయి గుర్తొచ్చాడు.

ప్రత్తిపాడు దగ్గర మా ఊళ్లో శివరాత్రి వెళ్లాక కల్లాలన్నీ ఎర్రబడేవి. పిల్లలం అక్కడే తొక్కుడుబిళ్ల ఆడి, కాయలు ముట్టుకున్న చేత్తోనే కళ్లు నులుముకుని లబోదిబోమంటుంటే, నాయనమ్మ మజ్జిగలో తడిపిన గుడ్డ కళ్ల మీద వేసి, వీపు మీద కూడా ఒకటి వేసేది. గోంగూరా ఉల్లిపాయా నంజుకుని అన్నం తిని, బరకాల మడతల మీదే నిద్రపోయేవాళ్లం. బరకమంటే కాయల మీద కప్పే ముతక గుడ్డ. వానొస్తే అదొక్కటే దిక్కు.

మబ్బు పట్టిందంటే బాబాయి పంచె ఎగ్గట్టి ముందు సుబ్బాయమ్మత్త కల్లానికి పరుగెత్తేవాడు. ఆమెకి మొగుడు పోయాడు, బరకం రెండో కొస పట్టే మనిషి లేడు. తర్వాత ఇంకెవరిదో, చివరికి మాది. ఒకసారి మా కాయలన్నీ నాని రంగు పోయి తాలుకాయలైతే నాయనమ్మ వీధిలోకొచ్చి అరిచింది.

“ఒరేయ్, ఊరందరివీ కప్పి మనవి తడిపావు గదరా!”

“మనవి తడిస్తే తిట్టేది నువ్వొక్కదానివేగా అమ్మా,” అని నవ్వాడు బాబాయి.

ఆ పరుగే ఆయన్ను సర్పంచిని చేసింది, ఆపైన ఎమ్మెల్యేని చేసింది. తాడేపల్లిలో ఇల్లు, కారు, వెనకాల గన్‌మెన్. ఊళ్లో మేం మాత్రం మబ్బు పట్టినప్పుడల్లా అలవాటుకొద్దీ రోడ్డువైపు చూసేవాళ్లం.

నేను ఓణీలు వేసుకునే రోజుల్లో, మళ్లీ ఎన్నికలు దగ్గరపడుతుండగా, బడికి కట్టిన కొత్త గదులు తెరవడానికి వచ్చాడు. షామియానా కింద ఆయన మాట్లాడుతుంటే ఆకాశం నల్లగా కమ్మింది. జనం కుర్చీల అంచులకు జరిగారు గానీ ఒక్కరూ లేవలేదు. మనవాడు మాట్లాడుతుంటే లేచిపోతే ఏం బాగుంటుందని మొహమాటం. తనే ఆపి పంచె ఎగ్గడతాడని చూశారు. ఆయనేమో, ఎవరూ లేవలేదంటే కాయలు కప్పే వచ్చారనుకున్నాడట. చినుకులు పడ్డా ప్రసంగం ఆగలేదు. ఆ సాయంత్రం కల్లాల్లో ఎర్రనీళ్లు పారాయి. ఎవరూ ఆయన్ను తిట్టలేదు, తిట్టినా బాగుండేది. ఆ ఎన్నికల్లో సొంత ఊరే ఓడించింది.

తర్వాత బాబాయి ఊరు మొహం చూడలేదు. నేను ఫోన్ చేస్తే మాత్రం, “సుబ్బాయమ్మక్క నా మాటేమన్నా ఎత్తుద్దా అమ్మా?” అని అడిగేవాడు. నేను మాట మార్చేదాన్ని.

చివరికి గుండె ఆగి అంబులెన్సులో వచ్చాడు, మిరపకాయల కాలంలోనే. వాకిట్లో పడుకోబెట్టారు. ఊరంతా వచ్చి కూర్చుంది. మళ్లీ మబ్బు. మళ్లీ ఎవరూ లేవలేదు.

“పోండమ్మా, కాయలు తడుస్తయ్. ఆయనేమనుకోడు,” అంది పిన్ని ఏడుస్తూనే.

జనం గబగబా లేచారు. సుబ్బాయమ్మత్త కూడా వెళ్లిపోయింది. ఊరికింకా కోపం పోలేదనుకున్నాను. చినుకు మొదలయ్యేసరికి ఆ ముసలామె తన కాయల మీది బరకం లాగి, భుజానేసుకుని రొప్పుతూ తిరిగొచ్చింది.

“ఆ కొస పట్టుకోవే,” అంది నాతో. ఇద్దరం బాబాయికి వాన తగలకుండా పట్టాం.

“అత్తా, మీ కాయలు?”

“తడవనీ. నన్ను తిట్టేవాళ్లెవరున్నారు?”

ఇప్పుడు అత్తా లేదు. కల్లాలు ఇళ్ల స్థలాలైపోయాయి; ఎవరి కాయలు వాళ్ల చేలోనే, ఎవరి టార్పాలిన్ పట్టా కింద వాళ్లవి ఆరుతున్నాయి. నిన్న మేడ మీద దుప్పటి ఒక కొస పట్టుకుని, రెండో కొసకి మనిషి కోసం అటూ ఇటూ చూశాను. కింద ఫ్లాట్ల తలుపులన్నీ మూసే ఉన్నాయి.