గిన్నెల్లో బోర్లించిన ఫోన్

మా ఇంట్లో ఎవరైనా దయ్యమంటే, ముందు ఫ్యూజు చూడమనేవాణ్ణి. ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెప్పి బతికేవాడు అలాంటివి నమ్మితే జీతం తీసుకోవడం కూడా తప్పే అనుకునేవాణ్ణి.

ఎనభైల చివరి మాట. మా కాపురం తిరుపతిలో, నా ఉద్యోగం చిత్తూరు కాలేజీలో. ఇంట్లో నేనే బిగించుకున్న కంప్యూటర్ ఉండేది. మధ్యాహ్నం కాలేజీ నుంచి ఎక్స్ఛేంజీ ఆపరేటర్ ద్వారా ట్రంక్ కాల్ చేసి, నా బల్ల మీద తెరా మీటలూ ఉన్న టెర్మినల్‌తో దాన్ని పనిచేయించేవాణ్ణి. తోటి లెక్చరర్లకు అదో వేడుక.

ఫోన్ తనంతట తాను లేవదు కదా. ఇంట్లో నా భార్య వసంత కంప్యూటర్ స్విచ్ వేసి, రిసీవర్ ఎత్తి, మోడెమ్ మీది రెండు రబ్బరు గిన్నెల్లో బోర్లించాలి. ఇటు కాలేజీలో నేనూ అంతే. అప్పుడే ఫోన్ లైను మీద రెండు యంత్రాలూ కూతలతో మాట్లాడుకుంటాయి. కాల్‌కు దొరికేది కొద్ది నిమిషాలే కాబట్టి మేమిద్దరం మాట్లాడుకోవద్దని ఒప్పందం.

"ఫోనెత్తి మొగుడితో పలక్కుండా బోర్లించేది ఈ ఊర్లో నేనొక్కదాన్నే ఉండానేమో" అని నవ్వేది.

కామెర్లతో వసంత పోయింది. మాకు పిల్లలు లేరు. కర్మలయ్యాక కంప్యూటర్ ప్లగ్గు పీకేసి, ఇంటికి తాళం వేసి, చిత్తూరులో లాడ్జీలో దిగాను. ఉన్న ఒక్క తాళంచెవీ నా జేబులోనే ఉండేది. పొద్దున ఎందుకు లేవాలో తెలిసేది కాదు.

ఒక మధ్యాహ్నం కాలేజీలో నా బల్ల దగ్గర కూర్చుని, ఊరికే మా ఇంటి నంబరు కలపమని ఎక్స్ఛేంజీకి చెప్పాను. ఆ ఇంట్లో గంట మోగితే చాలనిపించింది. కాసేపు మోగింది. తర్వాత అటువైపు ఎత్తిన చప్పుడైంది. ఏళ్ల అలవాటు, నా చెయ్యి వెంటనే రిసీవర్‌ను గిన్నెల్లో బోర్లించేసింది.

తెర మీద మా కంప్యూటర్ సిద్ధమన్న గుర్తు వచ్చింది. అప్పుడు తట్టింది, అటు ఎత్తిందెవరని. రిసీవర్ లాక్కుని "వసంతా" అని అరిచాను. యంత్రం కూత తప్ప ఏమీ లేదు. లైను తెగిపోయింది.

దొరికిన బస్సెక్కి తిరుపతి పోయాను. తాళం వేసినట్టే ఉంది. పెరటి తలుపుకు లోపలి గడియ అలాగే ఉంది. కంప్యూటర్ ప్లగ్గు మాత్రం పెట్టి ఉంది. రిసీవర్ గిన్నెల్లో బోర్లించి ఉంది. దాన్ని చెవికి ఆనించుకుని అక్కడే కూలబడి ఏడ్చాను.

మర్నాడు చిత్తూరు ఎక్స్ఛేంజీకి పోయి, కాల్ కలిపిన ఆపరేటరమ్మను పొరపాటున వేరే నంబరు ఇచ్చిందేమోనని అడిగాను.

"మీ నంబరే ఇచ్చినాను సార్. ఎవరో ఆడమనిషి ఎత్తి మాట్లాడతా ఉండె. మీరే పలకలేదు."

"ఏమనిందమ్మా?"

"లైనిచ్చి తప్పుకున్నాను సార్. ఒకరి మాటలు మేం వినకూడదు గదా."

ప్లగ్గు ఎవరు పెట్టారో, ఫోన్ ఎవరు ఎత్తారో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. అది తెలియకపోయినా బతకొచ్చు. ఆమె ఏమనిందో తెలియకుండా బతకడమే నా వల్ల కావడం లేదు.