గోలెం అడుగు నీళ్లు

పగ పట్టడం నాకు చేతకాదని మా ఇంట్లో అందరి నమ్మకం. బస్సులో ఎవరైనా కాలు తొక్కితే నేనే పక్కకు జరుగుతాను. అలాంటివాణ్ణి పోయిన వానాకాలం దోమ మీద పగ పట్టాను. మామూలు పగ కాదు, అన్నం సహించనివ్వని పగ.

ఎనిమిదో తరగతి చదివే నా కూతురికి డెంగీ వచ్చింది. కామారెడ్డి ఆసుపత్రిలో మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, ప్లేట్‌లెట్ల రిపోర్టు కోసం రోజూ గుమ్మం వైపు చూసేవాణ్ణి. పిల్ల కొబ్బరినీళ్లు కూడా వద్దని మొహం తిప్పుకునేది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ ఒక మాట చెప్పింది. ఒకసారి వచ్చినవాళ్లకు రెండోసారి వస్తే ఇంకా ప్రమాదం కావచ్చు, మళ్లీ దోమ కుట్టకుండా చూసుకోండి అని. ఆ దోమ కాళ్ల మీద తెల్ల చారలుంటాయట, పట్టపగలు కుడుతుందట. శత్రువు ఆనవాళ్లు నా చేతికి దొరికాయి.

పిల్లను తీసుకెళ్లి ఎల్లారెడ్డిలో మా అమ్మ దగ్గర దించాను.

"మన పెరట్ల దోమ అన్నది లేకుంట చేసినంక తోల్కపోత," అన్నాను.

"మరి బడి, డాడీ?"

"బడి యాడికి పోదు."

తిరిగొచ్చి యుద్ధం మొదలుపెట్టాను. పిచ్చిచెట్లు నరికాను. పాత టైరు, పగిలిన బకెట్లు, కొబ్బరి చిప్పలు ఏరి పారేశాను. మెకానిక్ దగ్గర మాడిన ఇంజనాయిలు తెచ్చి మురుగు పారే మోరీలో పోశాను. వేపాకు పొగ పెట్టి కళ్లు మండేదాకా అక్కడే నిలబడ్డాను. బ్యాటు మీద దోమ పటుక్కుమని పేలిన ప్రతిసారీ ప్రాణం హాయిగా ఉండేది. కిందపడినదాన్ని మళ్లీ చెప్పుతో రాసేవాణ్ణి. మా ఆవిడ చూసి, "సచ్చినదాన్ని ఎన్నిసార్లు సంపుతవ్?" అంది. పిల్ల చేతికి ఎన్నిసార్లు సూది గుచ్చారో అన్నిసార్లు అన్నాను.

వారం గడిచినా దోమలు తగ్గలేదు. నా కళ్లు పక్కింటి మీద పడ్డాయి. పక్కింటి అక్క బీడీలు చేస్తుంది. తునికాకు మెత్తబడడానికి పెరట్లో ఒక తొట్టిలో నీళ్లు పోసి నానబెడుతుంది. ఇంకేం కావాలి, దొంగ దొరికాడు. ఏమీ అడగలేదు. పొట్టి గోడ దూకి వెళ్లి ఆ తొట్టిని కాలితో తన్నాను. ఆకంతా బురదలో పడింది.

అక్క చాట పక్కన పెట్టి లేచింది. తిడుతుందనుకున్నాను. నా మొహం వైపు కూడా చూడకుండా, ఒక స్టీలు గ్లాసు పట్టుకుని నేరుగా మా పెరట్లోకి నడిచింది.

"నా తొట్ల నీళ్లు పొద్దుగాల పోస్త, మాపటికి పారబోస్త. నీ గోలెం ఎన్నడు కడిగినవ్ తమ్మీ?"

స్నానాల గది పక్కన నీళ్లు నింపుకునే పెద్ద సిమెంటు గోలెం మాకొకటి ఉంది. దాని మీద గోనెపట్ట కప్పి ఉంటుంది కాబట్టి దాన్ని నేను అనుమానించనే లేదు. దాన్ని ఎన్నడూ అడుగుదాకా కడగలేదు కూడా. బోర్లు ఎండి ట్యాంకరు కోసం కొట్టుకున్న ఊళ్లో పెరిగినవాణ్ణి. గోలెంలో అడుగు నీళ్లు ఉంచాలి, అడుగు కనబడితే ఇంటికి నీళ్ల కరువొస్తుంది, ఇది మా అమ్మ నేర్పిన పద్ధతి. నల్లా వచ్చిన రోజు పాత నీళ్ల మీదే కొత్త నీళ్లు నింపేవాణ్ణి.

అక్క గోనెపట్ట ఎత్తి గ్లాసు ముంచి నా కళ్ల ముందు పెట్టింది. గ్లాసు నిండా సన్నటి పురుగులు మెలికలు తిరుగుతున్నాయి. నా బిడ్డను మంచాన పడేసినవాటిని ఇన్నాళ్లూ నేనే సాది పెంచాను.

సిగ్గుతో చచ్చిపోయాను. ముందు ఆమె నల్లా కింద కూర్చుని తునికాకు ఒక్కొక్కటీ కడిగిచ్చాను. తర్వాత గోలెం నీళ్లు బకెట్లతో ఎండు మట్టి మీద పోసి, ఆ పురుగులు కొట్టుకుని కొట్టుకుని కదలకుండా అయ్యేదాకా చూశాను. తనివి తీరలేదు. లోపలికి దిగి బ్రష్షుతో గోడలు తోముతుంటే, ఈ అలవాటు నాకెక్కడిదో, నా కూతురు ఇప్పుడెక్కడుందో రెండూ ఒకేసారి తట్టాయి.

తడి బట్టలతోనే ఎల్లారెడ్డి బస్సెక్కాను.

అమ్మ పెరట్లో మట్టి గోలెం, దాని పక్కనే పీట మీద కూర్చుని పిల్ల పుస్తకం చదువుకుంటోంది. గోలెంలో చెంబు ముంచి అమ్మ కళ్ల ముందు పెట్టాను. అమ్మకు చూపు ఆనదు.

"నాకేం కనవడ్తలేదు."

"కదులుతున్నయ్ నానమ్మా," అంది పిల్ల.

"ఇవేనారా దీన్ని పండవెట్టినయ్?"

"ఇవే అమ్మా. రెక్కలు రాకముందు గిట్లుంటయ్."

"సల్లగుంటదని రోజు దీని పక్కనే కూసోవెడుతున్న గదరా," అని అమ్మ పిల్ల చెయ్యి లాక్కుని తడిమింది. మోచేతి కింద రెండు దద్దులు తగిలాయి, ఆ పొద్దుటివే. పిల్లకు జ్వరం రాలేదని ఇప్పుడు చెప్పగలను. అప్పుడు మాకు తెలియదు.

అమ్మ లోపలికి వెళ్లి రోకలి తెచ్చింది. ఆ గోలెం నిండడానికి ఎండల్లో ఎంత దూరం బిందెలు మోసిందో నేను చూశాను. కూరగాయలు కడిగిన నీళ్లు కూడా పారబోయని మనిషి. నేను బకెట్లతో తోడి పోస్తాను, ఆగు అన్నాను. ఆగలేదు. ఒక్క దెబ్బకు గోలెం పక్క విరిగి, నీళ్లు పెరడంతా పారాయి.

పిల్ల కాళ్లు పైకి పెట్టుకుని, "నీళ్లన్ని పోయినయ్ నానమ్మా," అంది.

"పోనీ బిడ్డా," అని అమ్మ రెండోసారి రోకలెత్తింది. "నీళ్లు మల్ల మోసుకుంట."