ఇద్దరివీ ఇరవై అయ్యాయి, సాబ్

మా సైనిక పోస్టుకు చేరేసరికి మధ్యాహ్నం రెండున్నర. లడాఖ్ పైన, పద్దెనిమిది వేల అడుగుల ఎత్తు. వీపున పాతిక కిలోల మూట, కాళ్లకు రెండు జతల మేజోళ్లు. ముంబై కామాఠిపురలో, చాల్ అనే మా ఒంటిగదుల మేడలో నీళ్ల బిందెతో నాలుగంతస్తులు ఎక్కిన మొనగాణ్ణి, అక్కడ పదడుగులకే కూలబడ్డాను. నవ్వకండి, మీరైతే ఆ పదడుగులూ వేయలేరు.

పోస్టులో ఐదుగురం. మా పైఅధికారి సుబేదార్ సాబ్ మొదటి ఆర్డరే వింతగా ఉంది.

"తుఫానొస్తే గుడారం దాటొద్దు. పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా గంటకోసారి ఇరవై గుంజీలు. కూర్చున్నవాడి రక్తం గడ్డకడుతుంది. మనసు పుట్టాక చేద్దామనుకోకండి. ఇక్కడ మనసు పుట్టదు. టైమైతే లేవాలి, అంతే."

నాదీ రేడియో ఆపరేటర్‌దీ ఒకటే గుడారం. వాడిదీ ముంబైయే, ధారావి. తల్లిదండ్రులు మహబూబ్‌నగర్ నుంచి కూలికొచ్చినవాళ్లు. నన్ను "అన్నా" అన్నాడు, అంత ఎత్తున తెలుగు వినేసరికి ప్రాణం లేచొచ్చింది.

తుఫాను మొదలైంది. సుబేదార్ గుడారం మాకు పదడుగుల దూరమే, అయినా రావడానికి లేదు. అందుకే గట్టిగా లెక్కపెట్టమన్నాడు, అక్కణ్ణుంచే వింటానన్నాడు. గాలి హోరులో ఎవరి గొంతో తేలదు, ఆయనకు తెలుగూ రాదు. మేమేమో సరదాకొద్దీ తెలుగులోనే లెక్కపెట్టాం. అదే కొంప ముంచింది.

తుఫాను ఐదో రోజు పైన ఎక్కడో కొండచరియ జారిన చప్పుడు. మంచు బరువుకు గుడారం గుడ్డ ముఖం మీదికి దిగుతోంది. వాడు స్లీపింగ్ బ్యాగులోంచి కదలనన్నాడు.

"కాళ్లు లేస్తలేవన్నా. ఎట్లైనా సచ్చేదే గదా, గుంజీలెందుకు? నా లెక్క గూడ నువ్వే వెట్టు. సాబ్‌కేం సమజైతది?"

తిట్టాలి, జబ్బ పట్టి లేపాలి. మనోడే కదా పాపం అనుకున్నాను. నావి ఇరవై చేశాను. వాడు పడుకునే ఉన్నాడు, ఇంకో ఇరవై గట్టిగా లెక్కపెట్టాను.

"హో గయా?" అయిందా అని సుబేదార్ కేక.

"ఇద్దరివీ ఇరవై అయ్యాయి, సాబ్!" అని హిందీలో అరిచాను.

మూడు రోజులు అదే అబద్ధం, గంటగంటకూ.

ఎనిమిదో రోజు పొద్దున ఏడూ పది. "అన్నా, పిక్క గుంజుతున్నది. దమ్మొస్తలేదు." మేజోడు తీశాను. ఎడమ పిక్క వాచి ఎర్రబడి కాలిపోతోంది. రేడియో నేనే పట్టుకున్నాను.

కింది బేస్ నుంచి జవాబు: "మబ్బు తగ్గాకే హెలికాప్టర్. ఓవర్."

మబ్బూ గాలీ తగ్గి అది దిగేసరికి పదకొండున్నర. స్ట్రెచర్ పక్కన వంగి సుబేదార్ వాణ్ణి హిందీలో అడిగాడు, ఎప్పుడైనా కసరత్తు ఆపావా అని.

"ఒక్కటీ ఆపలేదు, సాబ్. మా అన్నే లెక్కపెట్టాడు."

నేను వంగి స్ట్రెచర్ పట్టీ బిగించాను.

మర్నాడు మధ్యాహ్నం కింది నుంచి కబురు: "కాల్లోని రక్తపు గడ్డ ఊపిరితిత్తుల్లోకి పాకింది. జవాన్ ఇక లేడు. ఓవర్." సుబేదార్‌కు నిజం ఇవాళ్టికీ చెప్పలేదు.

సైన్యం వదిలి ఇంటికొచ్చి మూడేళ్లు. పొద్దున ఆరింటికి చాల్లో షుగరూ బీపీ ఉన్నవాళ్ల తలుపులు కొడతాను, మెట్లెక్కిస్తాను. పక్క గది పెద్దమ్మ మోకాళ్ల నొప్పి తగ్గింది, మార్కెట్‌కు తనే పోయొస్తోంది. అయినా మొన్న వానకు ముసుగు తియ్యనంది.

"ఓ మిలిటరీ, ఒక్క దినం ఇడ్వరాదు? పాణమంత బద్ధకమున్నది."

అరిచాను. చెయ్యి పట్టి లేపేదాకా నేను ఆమె గడప దిగలేదు. రాక్షసుడని తిట్టింది, తిట్టనీ. లెక్క మాత్రం ఎవరిది వాళ్లే పెట్టుకోవాలి. నేను పెట్టను.

ఒక్కటి మీకెవరికీ చెప్పలేదు. హెలికాప్టర్ తలుపు మూసేముందు లోపలికి చూశాను. స్ట్రెచర్ మీది స్లీపింగ్ బ్యాగులో వాడి మోకాళ్ల దగ్గర గుడ్డ కొద్దిగా లేస్తోంది, పడుతోంది. మళ్లీ లేస్తోంది. ఆక్సిజన్ మాస్కు కింద వాడి పెదాలు కదులుతున్నాయి. తన ఇరవై తనే లెక్కపెట్టుకుంటున్నాడు.